చుక్కకు వీపు

స్నేహితుడి రిసెప్షన్ కోసం విజయవాడ నుంచి వచ్చి, ఆ సాయంత్రం మొఘల్‌పురాలో షేర్ ఆటో ఎక్కాను. నా పక్కన ఒక ముసలమ్మ, కడుపుతో ఉన్న ఆమె కోడలు. ఆటో పడమరకు తిరగగానే ఎదురుగా శుక్రుడు ధగధగా మెరుస్తూ కనిపించాడు.

"ఆపు భాయ్! కడుపుతోని ఉన్న పిల్ల చుక్కకు ఎదురు పోవద్దు!" అని ముసలమ్మ లొల్లి పెట్టింది.

"అది చుక్క కాదు మామ్మగారూ, గ్రహం," అన్నాను. చదువుకున్నవాణ్ని కదా.

"గ్రహమా? గట్లైతే ఇంకా ఖరాబు!"

డ్రైవర్ నవ్వాడు. "ఫికర్ చెయ్యకు అమ్మా. పిల్లను నా ఎనుక పలక మీద ఉల్టా కూసోబెట్టు. చుక్క ఈపు దిక్కు ఉంటది."

అలా కోడలు చుక్కకు వీపు పెట్టి, సరిగ్గా నాకు ఎదురుగా కూర్చుంది. గుంతల్లో ఎగురుతూ, వెనక్కి పరిగెత్తే రోడ్డును చూసీ చూసీ పాపం ఆమెకు కడుపులో తిప్పింది. మధ్యాహ్నం తిన్నదంతా నా కొత్త చొక్కా మీదికి వచ్చేసింది.

ముసలమ్మ కొంగుతో కోడలి మూతి తుడిచి, తీరిగ్గా నా వైపు తిరిగింది.

"సూసినవా బిడ్డా? చుక్కకు ఎదురు కూసున్నది నువ్వు. నీకే తగిలింది."