హమారీ గోదావరి

మొన్న చెన్నైలో పాత సామాన్ల కొట్టులో ఎర్ర ల్యాండ్‌లైన్ ఫోను చూడగానే రాయ్‌పూర్ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు ఆ ఊరి శివార్లలోని బీర్‌గావ్‌లో ఉండేవాళ్ళం. ఆదివారం లోకల్ కేబుల్ టీవీలో క్విజ్ వచ్చేది. పెళ్ళై రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మ, ఓసారి పక్కింటి ఎర్ర ఫోను నుంచి దానికి కలిపింది. మా టీవీలోంచి అమ్మ గొంతు వినబడుతుంటే నేను టీవీకి అతుక్కుని కూర్చున్నాను.

దక్షిణ గంగ అని ఏ నదినంటారని యాంకర్ హిందీలో అడిగాడు.

"గోదావరి. హమారీ గోదావరి, భయ్యా!" అంది అమ్మ, 'మా గోదావరి' అని హిందీలోనే నొక్కి చెబుతూ.

అంతలో కరెంటు పోయి మా టీవీ ఆగిపోయింది. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ ఇంటికొచ్చింది. ఓడిపోయిందనుకున్నాను.

"పోన్లే అమ్మా, మళ్ళీ ఆడొచ్చు."

"గెలిచానే, పిచ్చిదానా. ఇక్కడికొచ్చాక గోదారి గురించి నన్నడిగినవాడు అతనొక్కడే."

అప్పుడు నాకేమీ అర్థం కాలేదు. ఇప్పుడు ఈ చెన్నైలో ఎవరైనా నన్ను రాయ్‌పూర్ గురించి అడిగితే బాగుండుననిపిస్తుంది.