అత్తయ్యగారి కుడిచెయ్యి

అంబాజీపేటకి దగ్గర్లో ఉన్న ఒక ఊరికి నేను కోడలిగా వచ్చింది తొంభైల మొదట్లో. అప్పటికే అత్తయ్యగారికి యాభై దాటాయి. పొడుగ్గా, నిటారుగా ఉండేవారు. ఒకచోట కూర్చోవడం ఆవిడకి చేతనయ్యేది కాదు. తోటలో కొబ్బరికాయల దింపు జరిగే రోజున పనివాళ్ళందరికీ కాఫీల దగ్గర్నుంచి భోజనాల దాకా తనే చూసుకునేవారు. నేను అంబాజీపేటలో బడిపంతులమ్మగా పనిచేసేదాన్ని. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి పొద్దున్నుంచీ కష్టపడింది నేనే అన్నట్టు, "కూచోమ్మా, కాఫీ పట్టుకొస్తాను" అనేవారు.

ఒకసారి కళ్ళజోడు కోసం అమలాపురం వెళ్తే, అక్కడి కళ్ళ డాక్టరుగారికి ఏదో అనుమానం వచ్చి ఆవిడని ఇంకో డాక్టరుగారి దగ్గరికి పంపించారు. ఆయన బీపీ చూసి, రోజుకో మాత్ర వేసుకోమనీ ఉప్పు తగ్గించమనీ చెప్పారు. ఆవిడకి అప్పుడప్పుడూ తలనొప్పి వస్తూ ఉండేది. నెల తిరిగేసరికి అది పోయింది. దాంతోపాటు మాత్రా ఆగిపోయింది.

"అత్తయ్యగారూ, మాత్ర వేసుకోవట్లేదేంటండీ?" అని నేనడిగాను.

"ఒంట్లో బానే ఉందిగదమ్మా. జ్వరం తగ్గిపోయేక కూడా మందు మింగుతామేంటి?" అన్నారు.

నాకూ అది నిజమే అనిపించింది. మా ఇంట్లో అప్పటిదాకా బాగున్నప్పుడు మందు వేసుకున్నవాళ్ళు ఎవరూ లేరు.

ఆ తర్వాత కొన్నేళ్ళకి ఒక ఆదివారం పొద్దున, పచ్చడిలోకి కత్తిపీట మీద కొబ్బరి కోరుతున్నారు. చిప్ప చేతిలోంచి జారి కింద పడింది. ఎడంచేత్తో తీసి కుడిచేతిలో పెట్టుకున్నారు. మళ్ళీ జారింది. ఆవిడ తన చేతికేసి వింతగా చూసుకున్నారు.

"ఏమైందండీ?" అన్నాను.

ఆవిడ ఏదో చెప్పారు కానీ మాట ముద్దగా వచ్చింది. మూతి ఒక పక్కకి లాగేసింది. నేను కేక పెడితే మావయ్యగారు పెరట్లోంచి పరిగెత్తుకొచ్చారు. మా ఆయన పక్కవీధిలో ఉన్న కారు మాట్లాడుకొచ్చారు. అమలాపురంలో చూసి వెంటనే రాజమండ్రి తీసుకెళ్ళమన్నారు. దారి పొడుగునా మావయ్యగారు ఆవిడ కుడిచెయ్యి పట్టుకునే కూర్చున్నారు. ఆ చెయ్యి ఎవరో పట్టుకున్నారన్న సంగతే తనకి తెలియలేదని ఆవిడ చాలా రోజుల తర్వాత నాతో అన్నారు.

మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. బీపీ మందు వాడుతున్నారా అని అక్కడి డాక్టరుగారు అడిగితే, "మానేసిందండి" అన్నారు మావయ్యగారు, తల వంచుకుని.

డాక్టరుగారు కోప్పడలేదు. "ఇక మీదట మానకూడదండి. బాగుంటే వేసుకోవడం మానేస్తామంటారు కదా. వేసుకుంటేనే బాగుంటారు, అది గుర్తుపెట్టుకోండి" అన్నారు.

ప్రాణానికి ప్రమాదం తప్పింది. ఇంటికి తీసుకొచ్చేటప్పటికి కుడికాలు ఈడుస్తూ, ఒకరు పట్టుకుంటే నాలుగడుగులు వేయగలుగుతున్నారు. మాట కొంచెం కొంచెంగా తేలికపడుతోంది. కుడిచెయ్యి మాత్రం ఒళ్ళో పెడితే ఒళ్ళో, మంచం మీద పెడితే మంచం మీద, పెట్టినచోటే ఉండిపోయేది.

చూడడానికి ఊరంతా వచ్చింది. వచ్చినవాళ్ళందరూ ఏదో ఒక వైద్యం చెప్పారు. ఒకాయన పావురం రక్తం రాస్తే చెయ్యి లేస్తుందన్నారు. ఇంకొకావిడ ఎక్కడో ఆకుమందు ఇస్తారని, అది తాగినన్నాళ్ళూ ఇంగ్లీషు మందులు ముట్టుకోకూడదని చెప్పారు. మావయ్యగారు ఎవరినీ నొప్పించే మనిషి కాదు. అందరి మాటా శ్రద్ధగా విని, "ఆయ్, అలాగేనండి. ముందు డాక్టరుగారిచ్చినవి వాడి చూస్తామండి" అనేవారు. మర్నాడు వాళ్ళే మళ్ళీ వచ్చి అడిగినా అదే మాట, అంతే మర్యాదగా.

అమలాపురం నుంచి ఫిజియోథెరపీ చేసే అతను స్కూటరు మీద వచ్చేవాడు. కొన్నాళ్ళు చూసి మావయ్యగారు, "నాకు నేర్పేయండి బాబూ, మీరు రాని రోజున నేను చేయిస్తాను" అన్నారు. నేర్చుకున్నారు కూడా. వంటింట్లోకొచ్చి మంచినీళ్ళు కూడా ముంచుకోని ఆయన, పొద్దున్నే లేచి భార్య వేళ్ళు ఒక్కొక్కటే వంచి, చాచి, మణికట్టు తిప్పి, భుజం ఎత్తించేవారు. ఆవిడ నొప్పికి మూలిగితే ఆగిపోయి, "చాలా?" అనేవారు.

"చాలంటే మాత్రం ఊరుకుంటారేంటి? కానివ్వండి" అనేవారావిడ.

ఆవిడకి అన్నిటికంటే కష్టంగా తోచింది జడ. నేను బడికి వెళ్ళే హడావిడిలో దువ్వుతుంటే ఆవిడకి మొహమాటం. ఒకరోజు సాయంత్రం నేను వచ్చేసరికి మావయ్యగారు మంచం మీద ఆవిడ వెనక కూర్చుని జడ అల్లుతున్నారు. జన్మంతా కొబ్బరాకులు అల్లి దళ్ళు కట్టినాయన. జడ గట్టిగానే ఉంది కానీ ఒక చెవి వైపు వెళ్ళిపోయింది. నన్ను చూసి ఆయన చెయ్యి ఆపలేదు. ఆవిడ మాత్రం సిగ్గుపడుతూ, "చూడమ్మా, నాకు దడి కట్టేస్తున్నారు" అన్నారు. జబ్బు చేశాక ఆ ఇంట్లో మేం గట్టిగా నవ్వుకోవడం అదే మొదటిసారి.

చేతికి బలం రావడానికి రబ్బరు బంతి నొక్కమని ఇచ్చారు. ఆవిడకి అది నచ్చలేదు. "ఊరికే నొక్కుతూ కూచోడమేంటి? దాంతో ఇంటికి పనికొచ్చేదేమన్నా ఉందా?" అని పక్కన పడేశారు. రాత్రిపూట చపాతీలు తినమన్నారు కదా అని, పిండి పళ్ళెం ఒళ్ళో పెట్టించుకుని కుడిచేత్తో పిసకడం మొదలుపెట్టారు. మొదట్లో ఎడంచెయ్యే ఆ చేతిని పట్టుకుని నొక్కేది. మా ఇంట్లో చాలాకాలం చపాతీలు ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా, ఉండలుండలుగా వచ్చేవి. మేమందరం మారు మాట్లాడకుండా తినేవాళ్ళం. పిండి బాగా కలిసిన రోజున ఆవిడే, "ఇయ్యాళ మెత్తగా ఉన్నాయి కదూ?" అని మా మొహాలు చూసేవారు.

మాత్రల సంగతి పూర్తిగా తన చేతుల్లోకి తీసుకున్నారు. ఇంగ్లీషు చదవడం రాదు కాబట్టి పొద్దున్నవి ఒక డబ్బాలో, రాత్రివి ఇంకో డబ్బాలో నాచేత వేయించుకుని, ఏది దేనికో చెప్పించుకుని బట్టీ పట్టారు. ఒకసారి మందుల షాపులో వేరే కంపెనీ మాత్రలిచ్చారు. అట్ట రంగు మారింది. అందులో ఉన్నది అదే మందని నేను చెప్పినా ఒప్పుకోలేదు. "నీ మాట కాదనడం కాదమ్మా, ఒక్కసారి డాక్టరుగారిని అడగరాదూ?" అని ఫోను చేయించారు. ఆయన అదేనని చెప్పాకే నోట్లో వేసుకున్నారు. తలనొప్పి పోయిందని మాత్ర మానేసిన మనిషి ఈవిడేనా అనిపించేది నాకు.

మొదటి రోజుల్లో నేను కలిపి నోట్లో పెడితే తినేవారు. అది ఎన్నాళ్ళో సాగలేదు. ఒకరోజు నా చేతిలో చెంచా లాక్కుని ఎడంచేత్తో తినడం మొదలుపెట్టారు. ఇంట్లో సరే. జబ్బు చేసిన మరుసటేడు కొత్తపేటలో మావయ్యగారి చిన్నాన్నగారి మనవరాలి పెళ్ళి వచ్చింది. ఆవిడ రారేమో అనుకున్నాం. పట్టుచీర తీసి ఇస్త్రీకి ఇమ్మన్నారు.

భోజనాల దగ్గర పెళ్ళికూతురి తల్లి గబగబా వచ్చి, "అక్కయ్యగారూ, మీకు లోపల గదిలో వడ్డించమన్నానండి. సదుపాయంగా ఉంటుంది" అంది. మంచి మనసుతోనే అంది.

"గదిలో ఎందుకమ్మా? అందరితోపాటే కూచుంటాను. ఒక చెంచా ఇప్పించు, చాలు" అన్నారావిడ.

పెళ్ళివంటల దగ్గర తినే చెంచా ఎక్కడుంటుంది? వడ్డించే అతను వెతికి వెతికి, పచ్చడి వేసే గరిటె కడిగి తెచ్చి ఇచ్చాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నా నోరు అంతుందంటారా?" అన్నారు. భోజనాల బంతిలో నవ్వులు. ఎవరో ఇంట్లోంచి చెంచా తెచ్చేదాకా ఆవిడ తాపీగా కూర్చున్నారు.

నాకు ఎదురుగా ఉన్న ముసలావిడ పక్కావిడతో, "ఎడంచేత్తో, అందరిలో..." అని గొణగడం వినిపించింది. నా ఒళ్ళు మండింది. అత్తయ్యగారికీ వినిపించింది. నవ్వుతూ, "కుడిచెయ్యి సెలవు పెట్టిందండీ పిన్నిగారూ. అది డ్యూటీకి వచ్చేదాకా దీంతోనే కానిస్తున్నాను" అన్నారు.

ఆ ముసలావిడ తెల్లబోయి, వెంటనే, "అయ్యో, తినమ్మా, తిను" అంది.

అత్తయ్యగారు ఉప్పెక్కువని అప్పడం వద్దన్నారు, ఆవకాయ వద్దన్నారు. వడ్డించే అతను వదల్లేదు. "ఒక్కటేనండీ. పెళ్ళి భోజనం కదండీ."

"ఒక్కటేనని మీరు వేస్తారు, ఒక్కటేనని ఇంకొకరు వేస్తారు. అన్నీ తినాల్సింది నేనే కదా బాబూ" అన్నారు. అతను నవ్వేసి ముందుకెళ్ళాడు. పనసపొట్టు కూర మాత్రం రెండోసారి అడిగి వేయించుకున్నారు.

చేతులు కడుక్కునే చోట నాకంటే కొంచెం పెద్దావిడ ఒకరు అత్తయ్యగారి దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగారు. "మందులు రోజూ వేసుకుంటారాండీ? నాకూ బీపీకి రాసేరు. బాగానే ఉంది కదాని మానేసేనండి."

అత్తయ్యగారు తన కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి, ఆవిడ అరచేతిలో పెట్టారు. "బరువు చూడండి" అన్నారు.

ఆవిడ చూశారు. మొహంలో రంగు మారింది.

"నాకూ అప్పుడు బానే ఉందండి. రేపొద్దున్నే అమలాపురం వెళ్ళండి" అన్నారు అత్తయ్యగారు.

ఆవిడ వెళ్ళారో లేదో మాకు తెలియదు. కానీ ఆ తర్వాత అత్తయ్యగారు మా ఇంటికొచ్చిన ఎవరినైనా కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, "బీపీ చూపించుకున్నారా?" అని అడగడం మొదలుపెట్టారు. కొందరు విసుక్కునేవారు. చాలామంది వెళ్ళి చూపించుకున్నారు. దింపు పనికొచ్చే ఒకాయనకి ఎక్కువగా ఉందని తేలితే, ఆయన పనికొచ్చిన రోజల్లా మాత్ర వేసుకున్నాడో లేదో అడిగాకే అన్నం వడ్డించేవారు.

చెయ్యి మెల్లమెల్లగా తిరిగొచ్చింది. మొదట గ్లాసు పట్టుకున్నారు. తర్వాత చీర కుచ్చిళ్ళు పెట్టుకున్నారు. అన్నం కలుపుకుని తినడానికి ఏళ్ళు పట్టింది. సన్నటి పనులు మాత్రం ఎప్పటికీ రాలేదు. సూదిలో దారం ఎక్కించడం మావయ్యగారి పనైంది. కాలు కొంచెం ఈడ్చడం కూడా అలాగే ఉండిపోయింది. ఆవిడ వాటి గురించి మాట్లాడడం నేను వినలేదు. పొద్దునా సాయంత్రం ఇద్దరూ కాలవగట్టు మీద నడిచేవారు. వానాకాలంలో గట్టు బురదైతే ఇంటి చుట్టూ తిరిగేవారు.

రెండువేల తర్వాత ఎప్పుడో మా బడిలో వైద్యశిబిరం పెట్టి టీచర్లందరికీ పరీక్షలు చేశారు. నాకు బీపీ ఉందన్నారు. నాకింకా నలభై కూడా నిండలేదు. ఇంటికొచ్చి అత్తయ్యగారికి చెబుతుంటే ఏడుపు ఆగలేదు. ఇంట్లో అంత చూసినదాన్ని, అయినా నాకెందుకొస్తుందనే అనుకున్నాను.

ఆవిడ పమిట కొంగుతో నా మొహం తుడిచి, "మాత్రలు తెచ్చుకున్నావా?" అన్నారు.

"తెచ్చుకున్నానండి."

"అయితే ఇంకేంటి? మొహం కడుక్కో. పొద్దున్నే మాతో నడుద్దువుగాని."

మర్నాడు తెల్లవారాక ముగ్గురం బయల్దేరాం. మావయ్యగారు ముందు, ఆవిడ వెనక, ఆవిడ వెనక నేను. కాలవ అవతలి వరిచేల మీద మంచు ఇంకా విడలేదు. రోజంతా కుర్చీలో కూర్చుని పాఠాలు చెప్పే నాకు కాసేపటికే ఆయాసం వచ్చింది. ఆవిడ కుడికాలు ఈడుస్తూనే, నాకంటే ముందు ముందుకి వెళ్ళిపోతున్నారు. చిన్న వంతెన దగ్గర వెనక్కి తిరిగి చూసి ఆగారు. నేను రొప్పుతూ వచ్చి పిట్టగోడకి ఆనుకున్నాను.

"తొందరేం లేదమ్మా" అన్నారు. "నేను మొదలెట్టినప్పుడు ఇక్కడిదాకా రావడానికి వేసవికాలమంతా పట్టింది."

నా ఆయాసం తీరేదాకా నా పక్కనే నిలబడి, మళ్ళీ నడక మొదలుపెట్టారు.