పగులుకి రెండో చివర

కిరసనాయిలు వాసనంటే నాకు ఇప్పటికీ భయమూ ఉంది, ప్రేమా ఉంది. నిన్న మధ్యాహ్నం మా షాపుకి ఒక పడవ నిచ్చెన వచ్చింది. అల్యూమినియంది, మెట్టు దగ్గర పగిలింది. నాతో పనిచేసే రఫీ గుడ్డను కిరసనాయిల్లో ముంచి పగులు మీద రుద్దాడు. కువైట్‌లో మా షువైఖ్ పేట ఎండకి ఆ వాసన షెడ్డంతా నిండిపోయింది. దానితోపాటే మా దానియేలు మేస్త్రి కూడా వచ్చి నా వెనకాల నిలబడ్డట్టయింది, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, తప్పు పట్టడానికి సిద్ధంగా. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. చూడవలసిన మనిషి, అందుకే రాస్తున్నాను.

నాది రాజంపేట. కువైట్ రాకముందు ఏడేళ్లు గేట్లూ కిటికీ గ్రిల్సూ చేశాను. మా ఊళ్లో ఏ వీధికెళ్లినా నా చేతి గేటు ఒకటైనా కనిపించేది. ఆ పొగరు విమానం దిగినా దిగలేదు. మేస్త్రిది కాకినాడ. అప్పటికే పందొమ్మిదేళ్లుగా ఇక్కడ పడవలకి అతుకులు వేస్తున్నాడు. మొదటిరోజు నన్ను ఎగాదిగా చూసి, "ఊళ్లో ఏం సేసేవోడివి అబ్బాయ్?" అన్నాడు. "వెల్డింగే మేస్త్రీ. ఏడేండ్లు చేసినా." "దేని మీద?" "ఇనుము మీద." ఆయన నవ్వాడు. "అయితే అదంతా మర్సిపో. ఇనుము ఎర్రబడి ముందే సెబుద్ది. ఇది సెప్పదు. తెల్లగానే ఉండి ఉన్నట్టుండి కారిపోద్ది." నాకు ఒళ్లు మండింది. ఆ పూటే అతకబోయి మూడు అల్యూమినియం ముక్కలకి చిల్లులు పెట్టాను. ఆయన వాటిని తీగకి గుచ్చి, నేను నిలబడే చోట గోడకి వేలాడదీశాడు. "నీ మెడల్సురా," అన్నాడు. ఎనిమిది నెలలు అవి అక్కడే వేలాడాయి.

అల్యూమినియానికి వాడే బ్రష్షుని ఆయన శుభ్రమైన తువ్వాలులో చుట్టి బిస్కెట్ల డబ్బాలో దాచుకునేవాడు. అది ఇనుముని తాకితే ఆ మురికి అతుకులోకి పోతుందని ఆయన భయం. ఒకసారి నేను చూసుకోకుండా దానితో ఇనప యాంగిల్ తోమేశాను. మేస్త్రి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కానీ ఆ రెండు రోజులూ మధ్యాహ్నం తన చేపల పులుసులో నా వాటా గిన్నెలో పోసి, మొహం అటు తిప్పుకుని నా వైపు తోశాడు. షర్క్ మార్కెట్‌కి వెళ్లి తనే ఏరుకొచ్చిన చేపలు. అంత కోపంలోనూ నాకు తోక ముక్క వేయలేదు, నడిమి ముక్కే వేశాడు.

ఆగస్టు నెలలో, బయట చెయ్యి పెడితే బొబ్బలెక్కే ఎండలో, మా షెడ్డులోకి మంచు మీద తిరిగే బండి వచ్చింది. ముందు రెండు చెక్కల్లాంటి కాళ్లు, వెనక రబ్బరు పట్టా, చక్రాలు లేవు. దాని యజమాని అబూ ఫహద్ అనే కువైటీ. ఇల్లు సల్వాలో, చలికాలం వస్తే పిల్లల్ని తీసుకుని లెబనాన్ కొండలకి వెళ్తాడు. బండి ఒక రాయికి కొట్టుకుని, కాలు పెట్టుకునే చోట అల్యూమినియం రేకు చీలింది. అక్కడివాళ్లు మొత్తం ఫ్రేమే మార్చాలన్నారట. ఈయన వినలేదు. తన పడవని ఏళ్ల తరబడి బాగుచేస్తున్న మేస్త్రి మీదే నమ్మకం పెట్టుకుని బండిని ఓడలో తెప్పించాడు. మేమెవరమూ పుట్టి బుద్ధెరిగాక మంచు చూడలేదు. "ఇది యాడ తిరుగుతాది మేస్త్రీ?" అని అడిగాను. "షర్క్‌లో చేపల కింద ఐసు పరుత్తారు సూసేవా? అలాగ ఊరంతా పరిసి ఉంటాదనుకో. దాని మీద పోద్ది." "చేపలుండవా?" అన్నాను. "నోరు ముయ్యి," అని, నవ్వు ఆపుకోలేక అవతలికి వెళ్లిపోయాడు.

తిరిగొచ్చి అల్యూమినియం అతికే ఆర్గాన్ టార్చి నా చేతిలో పెట్టాడు. గిరాకీ వస్తువు మీద అల్యూమినియం పని నాకివ్వడం అదే మొదలు. "రంగు గీకు. కిరసనాయిలు పుయ్యి. పొడిగా తుడిసి సుద్ద పొడి సల్లు. పగుల్లో దాగిన సమురు సుద్ద మీదికి తేలి గీతలా కనపడద్ది. ఆ గీత ఆగిన చోట బెజ్జం కొట్టు, లేపోతే అతుకేసినా పగులు ముందుకు నడుత్తానే ఉంటాది. రెండు సివర్లూ సూడు. ఆనక పైన వేసే రేకు మరీ మందం వద్దు, మూలలు గుండ్రంగా కొయ్యి." ఇంత చెప్పి, ఇక్కడ ఉండటానికి కావలసిన ఇఖామా కాగితం పని మీద, మా వీసా యజమాని కఫీల్ పిలిస్తే వెళ్లిపోయాడు.

ఒక చివర తేలిగ్గా దొరికింది. బెజ్జం కొట్టాను. రెండో చివర ఒక పట్టీ కిందికి దూరింది. చూడాలంటే పదకొండు రివిట్లు విప్పాలి. సాయంత్రంలోగా పూర్తి చేసి మేస్త్రి చేత భేష్ అనిపించుకోవాలని నాకు ఒకటే తహతహ. పట్టీ అంచు దగ్గరే ఆగి ఉంటుందిలే అనుకున్నాను. అక్కడే ఆపేసి అతికాను, పైన రేకు వేశాను. వెల్డింగు కుట్టు ఎంత బాగా వచ్చిందంటే నాకే ముద్దొచ్చింది. మేస్త్రి వచ్చి వేలు పెట్టి తడిమి చూశాడు. "ఆయ్, సెయ్యి కుదిరిందిరా," అన్నాడు. ఆ మాట కోసమే గదా ఎనిమిది నెలలు. "రెండు సివర్లూ సూసేవా?" "చూసినా మేస్త్రీ." అబద్ధం ఎంత సులువుగా వచ్చేసిందో. ఆయన గోడ మీది మెడల్సు తీసి చెత్తలో పడేశాడు. సంతోషించవలసిన నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

రెండు రోజుల తర్వాత అబూ ఫహద్ కూతురితో సహా వచ్చాడు. పదేళ్ల పిల్ల. బండెక్కి కూర్చుని, నోటితో బుర్రుమని ఇంజను శబ్దం చేస్తూ, లేని మంచు మీద బండి తోలేస్తోంది. ఆ పిల్ల కాలు సరిగ్గా నేను విప్పని రివిట్ల మీద ఆనింది. అబూ ఫహద్ ఆ అతుకు చూపించి, "జైన్?" అని అడిగాడు, బాగుందా అని. మేస్త్రి నా భుజం మీద చెయ్యి వేసి, "పని ఇతనిది. ఇతన్నే అడుగు బాబా," అన్నాడు హిందీలో. ఎంత గర్వంగా అన్నాడో. ఆ పిల్ల కాలు చూశాను, నా భుజం మీది చెయ్యి చూశాను. చివరికి తెలుగులో, నేల చూపులు చూస్తూ, "మేస్త్రీ, ఒక చివర చూడల్యా," అన్నాను.

ఆ చెయ్యి నా భుజం మీద ఇంకా ఉంది, కానీ బరువు తగ్గింది. మేస్త్రి అబూ ఫహద్ వైపు తిరిగి, "బాచర్ రా బాబా, రేపు. నేను సరిగ్గా చూడలేదు, తప్పు నాది," అన్నాడు. ఓడలో సామాను పంపే రోజు దగ్గరపడిందని, మాటంటే మాటేనని అబూ ఫహద్ గట్టిగా అరిచాడు. మేస్త్రి తల వంచుకుని అన్నీ పడ్డాడు. పందొమ్మిదేళ్లలో ఆయన మీద ఎవరూ గొంతెత్తగా చూడలేదని తర్వాత షాపులో పాతవాళ్లు చెప్పారు. వాళ్లు వెళ్లాక రివిట్లు విప్పాం. కిరసనాయిలు, సుద్ద. నేను వేసిన రేకు దాటి నాలుగు వేళ్ల దూరం గీత తేలింది. నా అందమైన కుట్టుని నా చేతే గ్రైండరుతో కోయించాడు. మొహానికి పెట్టుకున్న అద్దం ముసుగు లోపల ఏడ్చాను, అది ఆయనకి కనపడలేదనే అనుకుంటున్నాను.

పని మళ్లీ మొదటినుంచీ చేశాక అడిగాను: "తప్పు నాదైతే నీదని ఎందుకు చెప్పినావు మేస్త్రీ?" ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. "నీ కుట్టు సూసి మురిసిపోయేనురా. సుద్ద సల్లకుండా ఆయ్ అనేసేను. అది నా తప్పు కాదేటి? ఇష్టమైనోడి పని సూసేటప్పుడే కళ్లు మూసుకుపోతాయి." అప్పుడే సుద్ద డబ్బా నా చేతికిచ్చాడు. "ఇకమీదట నీ పని మీద నేను సల్లుతాను. నా పని మీద నువ్వు సల్లు. మొగమాటం వద్దు." మర్నాడు అబూ ఫహద్‌కి సుద్ద మరకలతోసహా అంతా చూపించి బండి అప్పగించాం. ఆ పిల్ల మంచులో దాని మీద కూర్చుని దిగిన ఫోటో చలికాలం పోయాక తెచ్చిచ్చారు. మేస్త్రి దాన్ని గోడకి, మెడల్సు ఉన్న మేకుకే తగిలించాడు.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఆయన అతుకుల మీద నేను సుద్ద చల్లాను. ఒక్కసారీ గీత పడలేదు. చల్లడం ఒక తంతు అయిపోయింది. ఒక ఉదయం పడింది. పడవ అడుగున, ఆయన అప్పుడే వేసిన కుట్టు పక్కన, వెంట్రుకంత తడి గీత. మేస్త్రి కొంచెం దూరంలో టీ తాగుతున్నాడు. ఒక్క తుడుపు తుడిచి, తర్వాత నేనే సర్దేసి ఉంటే ఎవరికీ తెలియదు. చెప్తే ఆయన ఏమైపోతాడోనని నాకు దిగులు. కానీ ఆ పిల్ల కాలు కళ్ల ముందు మెదిలింది. "మేస్త్రీ, ఒకసారి రా," అన్నాను. ఆయన వంగి చూశాడు. కళ్లజోడు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు. చివరికి గీత ఎక్కడుందో తన వేలు పట్టుకుని చూపించమన్నాడు.

"నాకు కనపళ్లేదురా," అన్నాడు. ఆర్నెల్లుగా కంట్లో పొర కమ్ముతోందని, ఎవరికీ చెప్పలేదని అప్పుడు బయటపెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం నా చేతిలోని సుద్ద డబ్బా చూస్తూ, "నువ్వు సెప్తావో లేదోనని బెంగుండేది. సెప్పేవు, సాలు," అన్నాడు. ఆ నెలాఖరుకే కాకినాడ వెళ్లిపోయాడు. విమానాశ్రయంలో బిస్కెట్ల డబ్బా నా చేతిలో పెట్టాడు. లోపల బ్రష్షు, దాని చుట్టూ ఉతికిన తువ్వాలు.

నిన్న ఆ నిచ్చెనకి అతుకు నేనే వేశాను. కుట్టు బాగా వచ్చింది. రఫీ, "సూపర్ అన్నా," అని పొంగిపోయాడు. వాడికి నేనంటే ఇష్టం. అందుకే సుద్ద డబ్బా వాడి చేతికిచ్చి, "ముందు చల్లు, తర్వాత చెప్పు," అన్నాను. పక్కకి తప్పుకుని నిలబడ్డాను. ఇన్నేళ్ల తర్వాత కూడా, వాడు వంగి చూసినంతసేపూ నా గుండె దడదడలాడింది.