అరవై ఎనిమిది కిలోల ప్రయాణికుడు

బస్సులో కూర్చునే మనిషి బరువు ఎంతుండాలో ప్రభుత్వం ఎప్పుడో తేల్చిపెట్టింది. అరవై ఎనిమిది కిలోలు. సోమందేపల్లె దగ్గర హైవే పక్కన రేకుల షెడ్డులో బస్సులు కట్టే ఐజాకుకు ఈ సంగతి యాభై మూడో ఏట తెలిసింది. అప్పటికి ఆయన బరువు యాభై రెండు.

ఐజాకు నాయన వేరుశెనగ చేలల్లో కూలి. ఐజాకు మాత్రం విడపనకల్లు నుంచి బళ్లారికి తిరిగే ఒక ప్రైవేటు బస్సులో పదకొండేళ్లు క్లీనరుగా చేశాడు. ఆ బస్సు మిట్ట కనిపిస్తే నిలబడేది. నిలబడగానే ఐజాకు రాయి పట్టుకుని దూకి వెనక టైరు కింద పెట్టాలి, జనం దిగి తొయ్యాలి. ఎవరికీ ఎవరూ చెప్పే పని లేదు. టిక్కెట్టు కొన్నవాడు ఆ పని కూడా కొనుక్కున్నట్టే. తర్వాత బెంగళూరులో బస్సులకు బాడీలు కట్టే చోట పద్దెనిమిదేళ్లు పనిచేసి, భార్య రూతుతో తిరిగొచ్చి సొంతంగా షెడ్డు వేశాడు. ఇనుము పని ఆయనది, సీట్ల కుట్టు పని రూతుది.

హైబ్రిడ్ బస్సు ఆలోచన కూడా ఆయనదే. ఉత్త డీజిలు బస్సు పల్లెకు పోదు, గిట్టదని. ఉత్త కరెంటు బస్సు పోతుంది గానీ తిరిగి రాదు, ఆ పల్లెల్లో కరెంటు ఎప్పుడొస్తుందో బోరు మోటార్లకే తెలియదు కాబట్టి. అందుకని చిన్న డీజిలు ఇంజను బ్యాటరీని నింపాలి, బ్యాటరీ మోటారును తిప్పాలి, మోటారు చక్రాలను తిప్పాలి. ఇదంతా కాగితం మీద గీసి, వైర్లు కలిపి నడిపించింది త్రివేణి. ధర్మవరంలో మగ్గాల ఇంటి పిల్ల. ఇంజనీరింగు చదివి, ఉద్యోగం పేరుతో ఆరు నెలలు ఎవరివో ఫైళ్లు మోసి, విసుగొచ్చి ఈ షెడ్డుకొచ్చింది.

బస్సు తయారైంది. కష్టాలు అక్కడ మొదలయ్యాయి. ఒక బ్యాంకు మేనేజరు, "ఇలాంటిది ముందు ఎవరైనా చేశారా?" అని అడిగాడు. లేదన్నాడు ఐజాకు. అయితే కుదరదన్నాడాయన. ఇంకో బ్యాంకులోనూ అదే ప్రశ్న వచ్చింది. ఈసారి తెలివి తెచ్చుకుని, పెద్ద కంపెనీలు చేస్తున్నాయన్నాడు. "మరి మీరెందుకు?" అన్నాడు ఆ మేనేజరు. ప్రభుత్వానికే అమ్ముదామని టెండరు వెయ్యబోతే, అంతకుముందు నూరు బస్సులు అమ్మి ఉండాలట.

"నూరు అమ్మల్లంటే మొదుటిది అమ్మల్ల కదా సార్?" అని అడిగాడు ఐజాకు.

"మొదటిది అమ్మాలంటే నూరు అమ్మి ఉండాలండీ," అన్నాడు టెండర్ల ఆఫీసు గుమాస్తా, చాలా ఓపికగా.

ఒక్క సందు మాత్రం మిగిలింది. కనుమ అవతలి పల్లెలకు అయిదు చిన్న బస్సులు కావాలని అదే ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. అయిదే కావడంతో పెద్ద కంపెనీలు అటు చూడలేదు. నూరు బస్సుల నియమమూ లేదు. ఉన్నదల్లా ఒక ట్రయలు: బస్సు నిండు బరువుతో కనుమ ఎక్కాలి. మధ్యలో ఆఫీసరు ఆపమన్నచోట ఆగాలి. వెనక్కి జారకుండా మళ్లీ కదలాలి, కదిలాక పైదాకా ఆగకూడదు. ఇది గెలిస్తే అయిదు బస్సుల పని. గెలవకపోతే షెడ్డులో ఎనిమిది మంది బెంగళూరు రైలెక్కుతారు, ఐజాకు రేకులు విప్పి అమ్ముకుంటాడు.

నిండు బరువంటే యాభై మంది, మూడువేల నాలుగువందల కిలోలు. మామూలుగా ఇసుక మూటలు పెడతారు. ఇసుకకు పర్మిట్టు కావాలి, పర్మిట్టుకు పదిరోజులు కావాలి, ట్రయలేమో ఎల్లుండి.

"మూటలేంటికి? మనుషులే లేరా ఈ దేశంలో?" అన్నాడు ఐజాకు.

కనుమ అవతలి ఊరి నల్లమ్మను కలిశాడు. ఉపాధి పనుల్లో కూలీల గుంపుకు ఆమె మేటు. "దుడ్లు ఎంతిస్తావని అడగనులే గానీ, ఈ బస్సు మా ఊరికొస్తాదా?" అంది నల్లమ్మ.

"గెలిస్తే వస్తాది."

"ఐతే గెలిపిస్తాం పా."

ట్రయలు రోజు పొద్దున్నే కనుమ కింద యాభై మంది దిగారు. ఆఫీసరు కేశవ వాళ్లను ఎగాదిగా చూసి, తూకం వెయ్యమన్నాడు. చింతపండు తూచే కాటా తెచ్చి, ఒక్కొక్కరినీ నిలబెట్టి త్రివేణి రాసుకుంది. మొత్తం రెండువేల మూడువందల పది.

"లోడు తక్కువుంది," అన్నాడు కేశవ.

"యాభై మంది ఉండారు కద సార్."

"మనుషులున్నారు. బరువు లేదు."

"మేపి తెమ్మంటారా సార్?" అంది రూతు. "మూడేండ్లు టైమియ్యండి."

కేశవ కాగితాలు తిరగేశాడు. అందులో అలాంటి గడువు లేదు.

"మనిషికి దగ్గర దగ్గర ఇరవైరెండు కిలోలు తక్కువన్నా," అంది త్రివేణి.

ఆ మాటకు నల్లమ్మ చుట్టూ చూసింది. ఆ నేల మీద పర్మిట్టు లేకుండా దొరికేది ఒకటే. "రాళ్లు చాల్తాయా సార్?" అంది.

రాళ్లు వద్దని రూల్లో లేదు. ఎవరికి ఎంత తక్కువో అంత రాయి తూచి, సుద్దముక్కతో దాని మీద అంకె వేసి, వాళ్ల కాళ్ల దగ్గరే పెట్టారు. ముసలివాళ్లకు పెద్ద రాళ్లు వచ్చాయి. నల్లమ్మకు ఇరవైఏడు కిలోల బండ పడింది. "మా చేన్లో ఇట్లాటివి ఎన్ని ఏరి గట్టున పారేసింటానో. ఇప్పుడు నాకు తోడుగా బస్సెక్కినాది సూడు," అంది. అలా ఆ పూట యాభై మందీ ప్రభుత్వం అనుకున్న మనుషులయ్యారు.

డ్రైవరు వీరేష్, ఆఫీసరు, త్రివేణి ముందు కూర్చున్నారు. ఐజాకు లెక్కలో లేని మనిషి కాబట్టి ఫుట్‌బోర్డు మీద నిలబడ్డాడు. తలుపు పక్కన ఆయన ఎప్పుడూ ఉంచే రాయి ఉంది. "బ్రేకుంది, మోటారే పట్టుకుంటాది, మళ్లా ఈ రాయేంటికన్నా?" అని త్రివేణి చాలాసార్లు అడిగింది. "ఉండనీమ్మా, అన్నమడుగుతాందా?" అనేవాడు.

బస్సు కనుమ ఎక్కింది. మూడో మలుపులో కేశవ చెయ్యెత్తాడు. వీరేష్ ఆపాడు.

ఆగీ ఆగకముందే బస్సు ఖాళీ అయింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కొంగులు బిగించి, తువ్వాళ్లు నడుముకు చుట్టి, నలభైతొమ్మిది మంది వెనక భుజాలు ఆనించారు. నల్లమ్మ పక్కన నిలబడి "పట్టండప్పా!" అని అరిచింది. సరిగ్గా అప్పుడే వీరేష్ పెడలు నొక్కాడు. మోటారుకు చప్పుడు లేదు. బస్సు మెత్తగా ముందుకు పోయింది. భుజాలు ఆనించినవాళ్లు ఒకరిమీద ఒకరు రోడ్డున పడ్డారు. బస్సు రాళ్లను మాత్రం ఎక్కించుకుని కొండ పైకి చేరింది.

"ట్రయలు చెల్లదు," అన్నాడు కేశవ.

ఐజాకు రాతిమీద కూలబడ్డాడు. త్రివేణి మాత్రం వదల్లేదు. "ఓడిపోయిందా, చెల్లలేదా సార్?"

"చెల్లలేదు. లోడు దిగిపోయింది."

"దిగింది లోడే కదా, బస్సు కాదు కదా. చెల్లకపోతే మళ్లా పెట్టాల కదా?"

కేశవ కాగితాలు మళ్లీ తిరగేశాడు. "భోజనం తర్వాత," అన్నాడు.

మధ్యాహ్నానికి ఎండ మండిపోతోంది. బ్యాటరీ వేడి యాభై డిగ్రీలు దాటితే మోటారు తనంతట తానే నిలిచిపోతుంది. పొద్దున నలభైమూడు చూపిన మీటరు ఇప్పుడు నలభైఏడు చూపుతోంది. కనుమ కింద నల్లమ్మ సీట్ల మధ్య నిలబడి చెప్పింది.

"వినండప్పా. బస్సు నిలబడ్తాది. నిలబడినా దిగగూడదు. ఎనక్కి పోయినా దిగగూడదు. దిగినారంటే మళ్లా జన్మంతా నడుసుకుంటానే ఊరికి పోవల్ల."

"కుచ్చుంటే పాపం అనిపిస్తాది కదక్కా," అన్నాడొక ముసలాయన.

"అనిపిస్తే రాయి పట్టుకో."

మూడో మలుపు వచ్చింది. చెయ్యి లేచింది. బస్సు నిలబడింది. ఏటవాలు మీద ఆగిన బస్సులో కూర్చోవడం ఎలా ఉంటుందో వాళ్లు ఎన్నడూ ఎరగరు. కొందరు కళ్లు మూసుకున్నారు. కొందరు రాళ్లను వాటేసుకున్నారు. ఒక్కరూ కదల్లేదు. త్రివేణి మీటరు చదువుతోంది: "నలభైఎనిమిది... నలభైతొమ్మిది..."

ఆ అంకె ఫుట్‌బోర్డు మీదున్న ఐజాకు చెవిన పడింది. పాదాల కింద బస్సు వేలెడంత వెనక్కి వాలినట్టనిపించింది. తర్వాత ఏమైందో ఆయనకు తెలియదు. పదకొండేళ్ల అలవాటుకు తెలుసు. రాయి చేతిలోకి వచ్చింది, కాళ్లు రోడ్డు మీద ఉన్నాయి, నడుము వంగింది.

రాయి పెడదామని చూస్తే టైరు అక్కడ లేదు.

బస్సు ఒక్క అంగుళమైనా వెనక్కి రాలేదు. యాభై మందితో, యాభై రాళ్లతో, చప్పుడు లేకుండా మలుపు తిరుగుతోంది. కిటికీలోంచి నల్లమ్మ తల బయటపెట్టింది.

"ఏమప్పా ఐజాకూ! మావోళ్లందరికీ చెప్తిని, నీకు వేరేగా చెప్పల్లనా?"

లోపల గొల్లున నవ్వారు. కదిలాక పైదాకా ఆగకూడదని రూలు కాబట్టి బస్సు ఆగలేదు. పైన కేశవ "ఉత్తీర్ణం" అని రాసి, అడుగున రిమార్కులో ఇంకో వాక్యం చేర్చాడు: "పరీక్ష చివరి దశలో తయారీదారు వాహనంలో లేరు. కారణం తెలుపవలెను."

ఆ తయారీదారు కింద రెండు కిలోమీటర్ల దూరంలో, ఎండలో నడిచి వస్తున్నాడు. రాయిని ఏం చెయ్యాలో తోచక చాలాదూరం మోసుకుంటూనే వచ్చాడు.