అవ్వ నిద్రించిందన్నారు

పెళ్లయి ధర్మవరం వచ్చిన కొత్తలో నాకు పక్కింటి మరియమ్మవ్వే తోడు. ఒక ఉదయం మగ్గం మీద చీర నేస్తుంటే ఆమె కోడలు గుమ్మంలో నిలబడి, "అవ్వ ప్రభువునందు నిద్రించిందక్కా" అని మెల్లగా చెప్పి వెళ్లింది. జ్వరంతో నిద్రే లేని అవ్వ, ప్రార్థన చేసుకుంటూ కునుకు తీసిందనుకున్నాను. చప్పుడు కాకూడదని మగ్గం ఆపేశాను. లేత ఎండలో పట్టుదారాలు మెరుస్తుంటే నాకూ కళ్లు మూతలు పడ్డాయి.

పాటలు వినిపించి బయటికొస్తే, వాళ్ల వాకిట్లో పూలు కప్పిన పెట్టె! నిద్రించడమంటే వాళ్ల మాటలో చనిపోవడమని అప్పుడర్థమైంది.

"మగ్గం ఆపినావేందక్కా?" అంది కోడలు.

"అవ్వ లేస్తాదేమోనని..."

ఆమె నా చేయి పట్టుకుని ఏడ్చింది. "లేస్తాదక్కా. మేం నమ్మేది అదే."

మా ఇంట్లో రోజూ దేవుడికి దీపం పెట్టేదాన్ని నేను. అయినా ఆ పూట ఆమె మాట నిజం కావాలనిపించింది.