ఆసియా చేతికొచ్చిన యెజ్డీ

బత్తలపల్లెలో ధర్మవరం దారిన పోతాంటే, బయట ట్రాక్టరు సీట్లు పేర్చిన రేకుల అంగడి ఒకటి కనబడతాది. బోర్డు లేదు. అడిగితే మాత్రం "ఆసియా అంగడా? ఇంకొంచెం ముందుకు పో అన్నా" అని ఎవరైనా చూపిస్తారు. మునుపు అట్ల అనేవాళ్లు కాదు. అప్పట్లో అది సీట్ల బాషా అంగడి.

ఆసియా నాయన మహబూబ్ బాషా, యెజ్డీ మోటారుసైకిలు వెనక రెగ్జిను చుట్ట కట్టుకుని బెళుగుప్ప నుంచి కొత్తచెరువు దాకా తిరిగినవాడు. ఎవరి వాకిట్లో ట్రాక్టరు ఉంటే ఆడే కూర్చుని సీటు కుట్టిచ్చి వచ్చేవాడు. ఒకనాడు అట్ల ఒక ట్రాక్టరు మీద నుంచే జారిపడి కుడి భుజం దెబ్బతినింది. కట్టు విప్పినాక కూడా చెయ్యి భుజం దాటి పైకి లేయలేదు. యెజ్డీ అంగడి వెనక టార్పాలిను పట్ట కిందికి చేరింది. ఇంట్లో రవికలు కుట్టుకుంటాండిన ఆసియా వచ్చి సీట్లు కుట్టే పెద్దమిషను ముందర కూర్చునింది.

ఆడమనిషి కుట్టిన సీటు ఆగుతాదా అని ఆటోలోళ్లు నవ్వినారు. ఆమె కుట్లు ఎండకు తెగలేదు, వానకు విడలేదు. నవ్వినోళ్లే తమ్ముండ్ల ఆటోలు కూడా తోలుకొచ్చినారు.

పని కుదురుకున్నాక ఆసియా కన్ను పట్ట కింద ఉన్న యెజ్డీ మీద పడింది. నాయనను మళ్లా దాని మీద చూడాలని ఆమె కోరిక. పక్క షెడ్డు మెకానిక్కు నాగేశ్వర తీరిక దొరికినప్పుడంతా ఇంజను విప్పి, కడిగి, ఆఖరికి దానికి పానం పోసినాడు. ట్యాంకుకు నల్లరంగు కొట్టించినారు. పాత హ్యాండిలు తుప్పు తినిపోయింది కాబట్టి అనంతపురం నుంచి మూడు రకాలు తెప్పించినాడు నాగేశ్వర. ఒకటి ఎద్దుకొమ్ముల మాదిరి పైకి లేసింది. ఒకటి కట్టె మాదిరి తిన్నగా ఉండాది. ఇంకొకటి రెండిటికీ నడుమ, కొసలు వెనక్కి వంగినది.

బాషా చూపు నేరుగా కొమ్ముల హ్యాండిలు మీదికి పోయింది.

"ఇదేరా నాగేశ్వర! వయసులో నాది ఇట్లాంటిదే. నేను పోతాంటే పనులాపి చూసేవాళ్లు జనం."

బిగించినారు. బాషా ఎక్కి కూర్చున్నాడు. ఎడమచెయ్యి అందింది. కుడిచెయ్యి సగం దాకా లేసి ఆగిపోయింది. తిన్నటి హ్యాండిలు బిగిస్తే ముందుకు వంగాల్సి వచ్చి బరువంతా భుజం మీదే పడింది. మూడోది చేతికందింది గానీ, యాక్సిలేటరు తిప్పేకి కుడిచేతికి పట్టు చిక్కలేదు. బాషా ఇంజను ఆపేసి మెల్లగా దిగినాడు.

"ఇంకో రకం తెప్పిస్తాలే చిన్నాయనా," అన్నాడు నాగేశ్వర.

"వద్దప్పా. హ్యాండిలుది తప్పు గాదు." బాషా కూతురి దిక్కు తిరిగినాడు. "ఎక్కు."

"నేనెందుకు నాయనా? ఇదంతా నీ కోసమే గదా చేయించింది!"

"నా కోసమైతే మళ్లా పట్ట కిందికే పోతాది. మిషను తీసుకుంటివి, అంగడి తీసుకుంటివి. దీన్ని మాత్రం యాల వదిలిపెడతావు? ఎక్కు అంటాండా!"

ఆసియావి స్కూటీ తోలిన చేతులే గానీ, ఇంత బరువు బండి ఎప్పుడూ ముట్టలేదు. అయినా చున్నీ బిగించి ఎక్కింది. బాషా చుట్టూ తిరిగి చూసినాడు. ఆమె మోచేతుల కింద అరచెయ్యి పెట్టి ఎత్తినాడు.

"చాటలో చెనిక్కాయలు చెరిగేటప్పుడు మోచేతులు ఎట్ల ఉంటాయి? అట్ల ఉండాల. బిగుసుకోగూడదు, వేలాడగూడదు. నాగేశ్వర, ఆ మూడోదాన్నే రవ్వంత వెనక్కి తిప్పు."

తిప్పినాక ఆసియా పట్టుకుంది. చేతులు వాటంతట అవే కుదురుకున్నాయి. ఆమెకు నవ్వొచ్చింది.

"హ్యాండిలు నీకు కుదిరింది గదా. సోకు మాత్రం నా ఇష్టం," అన్నాడు బాషా.

మరుసటి వారం అనంతపురంలో పాతబండ్ల సామాన్లు అమ్మే అంగట్లో నాయన, బిడ్డ పోట్లాడుకున్నారు. గుండ్రటి స్టీలు అద్దాలు ఇద్దరికీ నచ్చినాయి. హెడ్‌లైటుకు టోపీ కూడా సరే. ఆ తరువాత బాషా జంట హారన్లు తీసినాడు, గ్రిప్పులకు వేలాడే రంగురంగుల కుచ్చులు తీసినాడు, మెరిసే లైట్ల దండ తీసినాడు.

"ఇవన్నీ తగిలిస్తే బండి గంగిరెద్దు అయితాది నాయనా!"

"గంగిరెద్దును చూసేకి జనం రారా ఏమి?"

కుచ్చులు, లైట్ల దండ ఆడనే వదిలిపెట్టి, హారన్లకు ఒప్పుకుంది ఆసియా. చీర చక్రంలో పడకుండా పక్కన కంబీల గార్డు కావాలని అమ్మ జైతూన్ బీ ముందే చెప్పి పంపింది. అదీ తీసుకున్నారు.

సీటు మాత్రం ఆసియా ఎవరినీ అడగలేదు. ముదురు ఎరుపు రెగ్జిను, అంచుకు తెల్లటి పైపింగు, నడుమ చెనిక్కాయ చాళ్ల మాదిరి తిన్నటి కుట్లు వేసింది. బాషా బొటనవేలితో ఒక్కొక్క కుట్టునూ తడిమి చూసినాడు. పొగడలేదు. మిషను దగ్గరికి పోయి, దానికి నూనె వేసి తుడిచి వచ్చినాడు.

అనంతపురంలో పాతబండ్లోళ్లంతా కలిసే ఆదివారం వచ్చింది. యెజ్డీకి కిక్కూ గేరూ ఒకటే కడ్డీ. ఆసియా దాన్ని లేపి ఒక్క తన్ను తంతే బండి డుగడుగమనింది. బాషా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెనక కూర్చున్నాడు. మైదానంలో పెద్దపెద్ద బండ్లు నిలబడుండాయి. చున్నీ బిగించిన ఆడమనిషి నల్లబండిని తోలుకొచ్చి వరసలో నిలిపేసరికి మనుషులు చుట్టూ చేరినారు.

"ఏమప్పా పెద్దాయనా, బండి నీదేనా?" అని ఒకాయన అడిగినాడు.

"కాగితాల్లో నాది. బండి మా ఆసియాది. సీటు చూస్తివా? ఆ కుట్టు మా బిడ్డదే," అన్నాడు బాషా, అందరికీ ఇనబడేటట్ల.

ఆసియాకు సిగ్గయింది గానీ తల దించుకోలేదు. పొద్దుగూకే లోపల ముగ్గురు తమ బండ్లు చూపించి, ఇట్లాంటి సీట్లే కావాలన్నారు. బత్తలపల్లెకు తోలుకొని రమ్మని చెప్పింది.

తిరుగుదారిలో బాషా ఊరుకోలేదు. "ఈడ ఆపు" అంటాడు. టీ అంగడోడిని పలకరించి, బండిని చూపిస్తాడు, బిడ్డను చూపిస్తాడు. ఇంకొంచెం దూరం పోతే "ఆడ కూడా ఆపు, వాళ్లకు నేను సీటు కుట్టినా" అంటాడు. ఆపిన చోటల్లా టీ తాగాల్సి వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి జైతూన్ బీ వాకిట్లో నిలబడుండాది. "ఇంత ఆలస్యమా! బండి యాడన్నా మొరాయించిందా?"

"బండి ఆగలేదు," అన్నాడు బాషా, ఎడమచేత్తో సీటు పట్టుకుని దిగుతా. "నేనే ఆపిస్తి. చూడాల్సినోళ్లు శానామంది ఉండిరి."