పసుపు దారం కట్టిన గరిటె

ఆరేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పడానికి నాకు ముఖం చెల్లదు.

మా ఆడపడుచు వసంత చెన్నైలో, కోడంబాక్కంలో హోటలు తెరిచింది. నెల్లూరు భోజనం. పప్పూ కూరలూ ఒక వరుసకు, చేపల పులుసు ఇంకో వరుసకు. రెండూ ఒకే వంటింట్లో వద్దని నేను మొత్తుకున్నాను. ఎప్పుడో ఒకరోజు గరిటెలు కలుస్తాయి, శాకాహారులు మళ్లీ నీ గడప తొక్కరు అని నలుగురిలో అన్నాను. పెద్ద కోడలిని కదా, సలహా ఇవ్వకపోతే నాకు తోచదు. చివరికి ఉపాయమూ నేనే చెప్పాను. పప్పు, కూరల గరిటెలకు పసుపు దారం కట్టాలి. ప్రారంభం రోజు పొద్దున్నే పురసవాక్కం నుంచి దారపుండ పట్టుకెళ్లి, ఒక్కో కాడకూ నా చేత్తోనే కట్టాను.

వంట కాంతమ్మది. సినిమా షూటింగులకు వండుతూ ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగిన మనిషి. ఇకనైనా ఒకచోట కుదురుగా ఉండొచ్చని ఆ పని మానేసి వసంత దగ్గర చేరింది. ఆ సంగతి నాతో చెప్పేటప్పుడు ఆమె ముఖం ఎంత బాగుందో నాకింకా గుర్తుంది.

మధ్యాహ్నం మొదటి బంతి కూర్చుంది. శాకాహారుల వరుసలో మా మామగారి స్నేహితుడు, ఒక రిటైర్డు మాస్టారు ఉన్నారు. ఆయన మెచ్చుకుంటే పదిమందీ వస్తారని వసంత ఆశ.

నన్నూ కూర్చోమన్నారు. కూర్చుంటే నేనెలా అవుతాను? వంటింట్లోకి వెళ్లాను. కాంతమ్మ వెనక వసారాలో అన్నం వారుస్తోంది. పులుసు ఇంకా వడ్డనకు తీయలేదు. వాసనకు నోరూరింది. పప్పు గిన్నెలోని గరిటె చేతికందింది. పులుసులో ముంచి, అరచేతిలో పోసుకుని రుచి చూశాను. అంతలో వసంత పిలిచింది. గరిటె తీసినచోటే, పప్పులోనే, పడేసి వెళ్లాను. నేను కట్టిన దారం నా వేళ్ల కిందే ఉంది. ఎలా చూసుకోలేదు? చూసుకోలేదు, అంతే. అది పొరపాటు. నేను మీకు చెప్పదలచిన తప్పు అది కాదు.

మాస్టారు పప్పు కలుపుకుంటూ ఆగిపోయారు. అన్నంలోంచి సన్నటి ముల్లు తీసి ఆకు అంచున పెట్టారు. లేచి చెయ్యి కడుక్కున్నారు. ఆయన వెనకే వరుసంతా లేచింది.

వసంత వంటింట్లోకి వచ్చి గరిటె వాసన చూసింది.

“దారం కట్టిన గరిటె పులుసులో ఎట్ట పెట్టినావు కాంతమ్మా?”

“పొయ్యి మీద పులుసులో నేను ఏ గరిటే పెట్టనమ్మా. ముక్క చిదిరిపోతాది. దబరగిన్నె గుడ్డతో పట్టుకోని తిప్పతా, అంతే.”

నిజమే. చేపలు వండే చెయ్యి ఏదీ పులుసును గరిటెతో కలపదు. మూత తీసి చూస్తే పైన చిదిరిన ముక్క కనబడేది. ఆ వేడిలో వసంతకు అది తట్టలేదు. నాకు తట్టింది. ఆమె నావైపు తిరిగింది.

“వొదినా, నువ్వు ఈడనే ఉండావు గదా. ఎవురు పెట్టినారో చూసినావా?”

“నేను చూడలేదు వసంతా.”

అదీ నా తప్పు. మూడు మాటలు. గరిటెలు కలుస్తాయని నలుగురిలో జోస్యం చెప్పి, దారాలు కట్టి, చివరికి కలిపింది నేనేనని ఆ నలుగురి ముందూ ఎలా ఒప్పుకుంటానని ఆ క్షణంలో ఆలోచించానా, లేక ఆలోచించకుండానే అబద్ధం దానంతటదే వచ్చేసిందా, ఇప్పటికీ తేల్చుకోలేను. కాంతమ్మ నా కుడిచేతి వైపు చూసింది. మణికట్టు దగ్గర పులుసు ఎర్రగా కారి ఉంది. చెయ్యి కొంగులో దాచుకున్నాను. ఆమె చూసిందా? చూసింది. మరి ఎందుకు నోరు విప్పలేదు? ఎవరి మాట నమ్ముతారో ఆమెకు తెలుసు కాబట్టా? నేనే చెబుతానని ఆగిందా?

వసంత ఆమెను అప్పటికప్పుడే వెళ్లిపొమ్మంది. కాంతమ్మ తన కత్తిపీట గోనెసంచిలో పెట్టుకుంది. పోతూ నా దగ్గర ఆగి, “మీరన్నా రెండు మెతుకులు తినండమ్మా, చల్లారిపోతాది” అంది.

ఆ రోజే వసంత చేపలు మానేసింది. హోటలు నిలబడింది, బాగా నడుస్తోంది. కొత్త వంటమనిషి చేరినప్పుడల్లా కాంతమ్మ కథ చెప్పి జాగ్రత్త అంటుంది. పక్కన కూర్చుని నేను తల ఊపుతాను. ఆ కథ కోడంబాక్కంలో వంటవాళ్లందరికీ తెలుసు. ఆమెను ఆ తర్వాత ఎవరు పనిలో పెట్టుకున్నారో నాకు తెలియదు. ఒక్కసారి, ఒక్కరిని అడిగాను. తెలియదన్నారు. హమ్మయ్య అనుకున్నాను. ఇది కూడా రాయాలి కదా.

ఇదంతా రాసి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు పొయ్యి ముందు నిలబడి పైకే అన్నాను: “వసంతా, గరిటె పెట్టింది నేను.” నా గొంతు తేలికైంది. కానీ కాంతమ్మ పేరు మీద ఆ ముల్లు ఇంకా అలాగే ఉంది.